కూరగాయల బండి ఈసీఎం పోయిందన్నారా? మార్చే ముందు ఇవి చూసుకోండి

తెల్లవారుజామున పాలకూర, కొత్తిమీర కట్టలు ఎక్కించాక బండి స్టార్ట్ కాకపోతే ఆ రోజు కోత అంతా నష్టమే. గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల రైతులు చాలామంది సొంత మినీ వ్యాన్‌లోనో, నలుగురు కలిసి మాట్లాడుకున్న బండిలోనో సరుకును బోయిన్‌పల్లి మార్కెట్‌కు, రైతు బజార్లకు తీసుకెళ్తారు. పంట పండించడం ఎంత ముఖ్యమో, అది వాడిపోకముందే మార్కెట్‌కు చేరడం అంతే ముఖ్యం. అందుకే ఈసారి బండి గురించి చెబుతున్నాను.

గౌడవెల్లిలో నాకు తెలిసిన ఒక రైతు తన వ్యాన్ తొట్టికి ఇనుప ఊచలు వెల్డింగ్ చేయించారు. బ్యాటరీ వైర్లు తీయలేదు. మర్నాడు బండి స్టార్ట్ కాలేదు. ఈసీఎం పోయిందని మెకానిక్ చెబితే, పాత సామాన్ల దుకాణంలో చూడటానికి అచ్చం అలాగే ఉన్న పెట్టె కొని బిగించారు. సెల్ఫ్ తిరిగింది కానీ ఇంజన్ అందుకోలేదు. ఆ పెట్టెకూ ఈ బండి తాళానికీ జత కుదరలేదు. బిల్లు లేనందున డబ్బు తిరిగి రాలేదు. వారం పాటు కిరాయి బండి పెట్టుకున్నారు. చివరకు తన పాత ఈసీఎంనే రిపేరు చేయించి బిగిస్తే బండి నడిచింది.

ఈసీఎం అంటే ఏమిటి?

ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్‌నే ఈసీఎం అంటారు. మెకానిక్‌లు ఈసీయూ అని కూడా అంటారు. ఇంజన్ వేగం, వేడి, గాలి, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు అన్న సమాచారాన్ని సెన్సర్ల ద్వారా తెలుసుకొని, ఏ ఇంజెక్టర్ ఎప్పుడు, ఎంత డీజిల్ వదలాలో ఇది నిర్ణయిస్తుంది. పాతకాలపు మెకానికల్ పంపు డీజిల్ ఇంజన్లకు దీని అవసరం లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్–6 డీజిల్ బండ్లు ఇది లేనిదే నడవవు.

పోయిందని నమ్మే ముందు

ఈసీఎం ఖరీదైన భాగం. చాలాసార్లు లోపం దానికి కరెంటు అందించే దారిలోనే ఉంటుంది. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఈ వరుసలో చూపించండి.

• తాళం తిప్పగానే ఇంజన్ గుర్తు దీపం కాసేపు వెలగాలి. అది వెలగక, స్కానర్ కూడా ఈసీఎంతో కలవకపోతే ముందు కరెంటు అందుతోందో లేదో చూడాలి.

• బాగా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగువకు పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే ఆల్టర్నేటర్ లోపం. దాన్ని సరిచేయకుండా కొత్త ఈసీఎం పెడితే అదీ పోతుంది.

• ఈసీఎం ఫ్యూజు, మెయిన్ రిలే మార్చి చూడాలి. ఎర్త్ వైర్ల బోల్టులు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించాలి. పొటాష్, యూరియా బస్తాలు మోసే బండ్లలో ఇక్కడ తుప్పు త్వరగా పడుతుంది.

• వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడాలి. ధాన్యం, దాణా పక్కన నిలిపే బండ్లకు ఈ బెడద ఎక్కువ.

• ఒక్క సెన్సర్ షార్ట్ అయినా ఈసీఎం చచ్చినట్లు కనబడవచ్చు. సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే అసలు దోషి దొరుకుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి, కరెంటు, ఎర్త్ రెండూ అందుతున్నా ఈసీఎం పలకకపోతే అప్పుడు మార్చే మాట. స్కానర్‌లో వచ్చిన లోపాల కోడ్‌లను కాగితం మీద రాయించుకోండి.

మూడు దారులు

రిపేరు: పాత ఈసీఎం బోర్డు బాగుచేయగలిగితే మొదట ఇదే చూడండి. తాళం, ఇంజెక్టర్ల వివరాలు సాధారణంగా అందులోనే భద్రంగా ఉంటాయి కాబట్టి మళ్లీ ఎక్కించే పని తక్కువ. గ్యారంటీ రాతపూర్వకంగా తీసుకోండి.

కొత్తది: పార్ట్ నంబరు, బండి చాసిస్ నంబరు చెప్పి కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో తెప్పించుకోవాలి. బండికి సరిపడే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, తాళాన్ని జత చేయాలి. కామన్ రైల్ ఇంజన్లలో ఇంజెక్టర్ల మీద ఉండే కోడ్‌లను కూడా నమోదు చేయాల్సి రావచ్చు. బిగింపు ధరలో ఇవి కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి.

సెకండ్ హ్యాండ్: పార్ట్ నంబరు చివరి అక్షరం వరకు కలవాలి. బీఎస్–4 బండిది బీఎస్–6 బండికి పనికిరాదు. తాళం జత చేసి, ఇంజన్ నడిచాకే పూర్తి డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి. బిల్లు లేనిది కొనవద్దు. అది దొంగ సొత్తు కూడా కావచ్చు.

బిగించేటప్పుడు

ముందుగా బ్యాటరీ మైనస్ వైరు తీసి కొద్ది నిమిషాలు ఆగాలి. కనెక్టర్ పిన్నులను చేత్తో తాకకూడదు. కనెక్టర్ల లాక్ పూర్తిగా పడిందో లేదో చూడాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ సాయం ఉండాలి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త ఈసీఎం పాడవవచ్చు. పని అయ్యాక లోడుతో కొంత దూరం నడిపి మళ్లీ స్కాన్ చేయించండి. పాత ఈసీఎంను అడిగి వెనక్కి తీసుకోండి. నిజంగా మార్చారనడానికి అదే రుజువు. బిల్లుతో కొన్న వస్తువు లేదా చేయించిన పని విషయంలో మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మళ్లీ పోకుండా

• వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ రెండు వైర్లు, ఈసీఎం కనెక్టర్లు తీయించండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టించండి.

• మోటారు పైపుతో బండి కడిగేటప్పుడు ఇంజన్ వైర్ల మీదికి, ఈసీఎం ఉన్న చోటికి నీటి ధార కొట్టవద్దు.

• బ్యాటరీ దిగితే 12 వోల్టుల బ్యాటరీతోనే, ప్లస్, మైనస్ చూసుకొని కలపండి. 24 వోల్టుల లారీ బ్యాటరీ కలపవద్దు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయవద్దు.

• తొట్టిలో, సీటు కింద ఆకులు, గింజలు మిగల్చవద్దు. ఎలుకల మందు మాత్రం కూరగాయలు మోసే బండిలో పెట్టకూడదు. బయట బోను పెట్టండి.

లోడు ఎక్కాక బండి ఆగిపోతే

కట్టలను నీడలో దించి తడి గోనె పట్టాలు కప్పండి. ఆకుకూరలు, కొత్తిమీరను వేరే బండిలో ముందు పంపండి. అప్పుడే రంగు తిరుగుతున్న టమాటా గాలి తగిలే నీడలో రెండు మూడు రోజులు ఆగగలదు. కోయని పంటను బండి దొరికే వరకు చేనులోనే ఉంచండి. పక్క చేను రైతుతో “నీ బండి ఆగితే నాది, నాది ఆగితే నీది” అని ముందే మాట్లాడుకుంటే, తొందరపాటులో ఎవరో చెప్పిన పెట్టె కొనే పరిస్థితి రాదు. బండి ఒక్కరోజు ఆగినా సరే, పరీక్షలు పూర్తయ్యాకే డబ్బు బయటికి తీయండి.