రానివాళ్ల జాబితా

ఊళ్లో నర్సమ్మ అనగానే చాలామందికి సూదే గుర్తొస్తుంది. బుధవారమో శనివారమో అంగన్‌వాడీకి వచ్చి, పిల్లలకు టీకాలేసి, రిజిస్టరులో రాసుకుని వెళ్లిపోయే మనిషి. కానీ ఆ సూది ఆమె పనిలో చిన్న ముక్క. అసలు పని ముందే మొదలవుతుంది. ఏ ఇంట్లో బిడ్డకు ఎన్ని వారాలు నిండాయి, పెంటావాలెంట్ రెండో డోసు ఎవరికి పడాలి, కిందటి నెల ఎవరు రాలేదు అని ఆశా కార్యకర్తతో కూర్చుని పేర్లు రాసుకుంటుంది. దాన్నే డ్యూ లిస్ట్ అంటారు. ఆస్పత్రి నర్సు చేతిలో ఉండేది వచ్చిన రోగుల జాబితా. ఈమె చేతిలో ఉండేది రావలసినవాళ్ల జాబితా. అందులోనూ ఆమెను ఎక్కువ తిప్పేది రానివాళ్లే. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌కీ వార్డు డ్యూటీకీ తేడా ఇక్కడుంది.

మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3 వేలకు ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది లెక్క. అక్కడ పనిచేసే ఈ నర్సమ్మనే ఏఎన్ఎం అంటారు. ఒకప్పుడు ఆమె ప్రధానంగా కాన్పులు, తల్లీబిడ్డల సంగతి చూసేది. ఒక్కో జబ్బుకు ఒక్కో ఉద్యోగి ఇంటింటికీ తిరగడం కంటే ఒకరే అన్నీ చూడటం మేలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. అలా ఆమె బహుళార్థ కార్యకర్త అయింది. మలేరియా, క్షయ, కుటుంబ నియంత్రణ అన్నీ ఆమె సంచిలోకే వచ్చాయి. ఆ సంచిలోకి కొత్తవి చేరుతూనే ఉన్నాయి, తీసేసినవి మాత్రం పెద్దగా కనిపించవు.

టీకా పెట్టె దగ్గర ఆమె చేసే పనిని కాస్త దగ్గర్నుంచి చూడండి. టీకా మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకడితే కూడా కొన్ని పాడవుతాయని తక్కువమందికి తెలుసు. అందుకే ఐస్ ప్యాకుల్ని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో పెట్టరు. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా బయట ఉంచుతారు. వాయల్ మీద చిన్న వలయం, దాని మధ్యలో ఒక చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. అది చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటేనే ఆ మందు వాడాలి. పెంటావాలెంట్ వాయల్ తెరిచినా, నిబంధన ప్రకారం చల్లగా దాచితే 28 రోజుల దాకా పనికొస్తుంది. బీసీజీ, మీజిల్స్-రుబెల్లా అలా కాదు. పొడిలో ద్రవం కలిపాక 4 గంటల్లోపే వాడాలి, మిగిలింది పారేయాలి. క్రిములు పెరగకుండా ఆపే మందు అందులో కలపరు. గడువు దాటిన వాయల్‌లో క్రిములు పుట్టి విషం తయారైతే బిడ్డ ప్రాణానికే ముప్పు. కలిపిన టైము వాయల్ మీద రాసేది అందుకే. ఇంకా సగం మందు ఉంది కదా, మా పిల్లాడికీ వేసెయ్యమని సాయంత్రం పూట బతిమాలే తండ్రికి ఆమె కుదరదని చెప్పిందంటే, అది పొగరు కాదు.

టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. తేడా చేస్తే వెంటనే చూసుకోవడానికే ఆ అరగంట. నానమ్మలకు అదే పెద్ద బాధ.

"పొయ్యి మీద కూర పెట్టొచ్చానమ్మా, పోనీ."

"కూర్చో పెద్దమ్మా, అరగంటే. రాత్రికి ఒళ్లు వెచ్చబడొచ్చు, కంగారు పడొద్దు. మళ్లీ నాలుగు వారాలకు తీసుకురా. కార్డు మాత్రం పోగొట్టకండి."

వేసిన టీకా ఏది, తర్వాత ఏం జరగొచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. ఈ నాలుగూ ప్రతి తల్లికీ చెప్పాలన్నది ఆమెకు నేర్పిన పాఠం.

అదే సబ్‌సెంటర్‌లో ఇప్పుడు ఇంకొకరు కూడా కనిపిస్తున్నారు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలయ్యాక వచ్చిన పోస్టు ఇది. దేశమంతా సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అంటే, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అనడమే ఎక్కువ. ఆమె సాధారణంగా బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో చదివి వస్తుంది. తెలంగాణ పల్లె దవాఖానాల్లో కొన్నిచోట్ల ఈ కుర్చీలో డాక్టరే ఉంటారు. ఏఎన్ఎం ప్రధానంగా తల్లీబిడ్డల చుట్టూ తిరిగితే, ఈమె 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగరు చూస్తుంది; నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల అనుమానం పసిగడుతుంది. మందు మొదలుపెట్టేది పీహెచ్‌సీ డాక్టరు. ఆ తర్వాత నెలనెలా బిళ్లలిచ్చి, బీపీ దారికొచ్చిందో లేదో చూసేది ఈమె. అవసరమైతే ఈ-సంజీవనిలో వీడియో ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తుంది. ఈమెకూ ఒక రానివాళ్ల జాబితా ఉంది. బాగానే ఉన్నానని బిళ్లలు మానేసిన మేస్త్రీ పేరు అందులోనే ఉంటుంది. ఒళ్లు నొప్పులకు సూది వేయలేదని అలిగి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఆ సూది కంటే నెలకోసారి చూసే బీపీయే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు పని మనం ఎరిగిందే: కాన్పులు, ఇంజెక్షన్లు, రాత్రి డ్యూటీలు. తెలంగాణలో 2017లో కొందరు స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో రాష్ట్రంలో సిజేరియన్లు 60.7 శాతమని తేలింది, దేశంలో అదే ఎక్కువ. మామూలు కాన్పుకు ధైర్యం చెప్పి పక్కనుండే మనిషి ఎందుకు కావాలో ఆ అంకె చూస్తే తెలుస్తుంది. పాడేరు, ఉట్నూరు వైపు కొండ గూడేల్లో సమస్య వేరు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి దించేకంటే, నెలలు నిండుతున్నప్పుడే గర్భిణిని ఆస్పత్రి దగ్గరున్న వసతి కేంద్రానికి రప్పించాలి. ఇంట్లో పిల్లల్ని, మేకల్ని వదిలి రమ్మని ఆమెను ఒప్పించేది కూడా నర్సే.

బడిలో, హాస్టల్‌లో ఆల్బెండజోల్ బిళ్ల మింగించడం, ఐరన్ బిళ్లలు అందేలా చూడటం, చూపు తగ్గిన పిల్లని గుర్తుపట్టడం నర్సు పని. ఫ్యాక్టరీలో ఇంకో రకం. 500 మందికి మించి కార్మికులుంటే అంబులెన్స్ రూమ్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అక్కడి నర్సు కట్టు కట్టడంతో ఆగకుండా, ఏ మెషిన్ దగ్గర వేళ్లు ఎక్కువ తెగుతున్నాయో లెక్క పెట్టగలిగితేనే అది కమ్యూనిటీ నర్సింగ్.

అన్నిటికంటే కష్టమైన చోటు ఇల్లే. మంచాన పడ్డ క్యాన్సర్ రోగి ఇంటికి వెళ్లిన నర్సుకు వెనక డాక్టరు లేడు, ముందు ఇంటిల్లిపాదీ ఉన్నారు. పుండు కడగాలి, మూత్రం గొట్టం మార్చాలి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని కోడలికి చేసి చూపించాలి. మార్ఫిన్ డాక్టరు రాసిందే అయినా, వేళకు పడుతోందా, మలబద్ధకం వచ్చిందా అని అడిగేది ఆమే. కేరళ ఇలాంటి సేవలకు 2008లోనే ఒక విధానం తెచ్చి, పంచాయతీ స్థాయి నర్సుల్ని ఇళ్లకు పంపింది. తెలంగాణలో 'ఆలన' వాహనాలు ఆ పనికే తిరుగుతున్నాయి. రోగి బాగవడు అని తెలిసీ వెళ్లే ఇల్లు ఇది, దీన్ని ఏ టార్గెట్ గడిలో నింపాలో యాప్‌లకు తెలియదు.

నగరంలో జాబితాయే నిలవదు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానాలో డాక్టరు, నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. వచ్చినవాళ్లను బాగానే చూస్తారు. కానీ బస్తీలో అద్దె ఇల్లు మారితే పేరు కూడా మాయమవుతుంది. ఇటుక బట్టీల సంగతి మరీ ఘోరం. చలికాలంలో ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి, వానలకు ముందు వెళ్లిపోతాయి. పిల్లలు అక్కడి జాబితాలో ఉండి ఇక్కడ ఉంటారు. పల్స్ పోలియో పుణ్యమా అని బట్టీల్ని, గుడారాల్ని మ్యాపులో గుర్తించడం అలవాటైంది. కార్డు చేతిలో ఉంటే, ఏ రాష్ట్రంలో వేసుకున్నా మిగిలిన టీకాలు ఇక్కడ ఉచితంగా వేస్తారు. కార్డు లేకపోయినా బిడ్డ వయసును బట్టి వేస్తారు, వెనక్కి పంపరు. బట్టీ పక్కనే పొలమున్న రైతు అయినా సరే, కొత్త కుటుంబాలు దిగాయని సబ్‌సెంటర్‌కు ఒక ఫోను చేస్తే, వచ్చే బుధవారం ఏఎన్ఎం అటువైపు బండి తిప్పుతుంది.