120 హెర్ట్జ్ డిస్‌ప్లే కోసం ఫోన్ మార్చాలా? మా తమ్ముడికి నేను చెప్పింది ఇదే

సంక్రాంతికి ఇంటికి వెళ్తే, భోగి రోజు సాయంత్రమే మా తమ్ముడు మొదలుపెట్టాడు. "అన్నయ్యా, నాన్నకి నువ్వే చెప్పాలి. నా ఫోన్ ఇంకా 60 హెర్ట్జ్. మా క్లాసులో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదు." వాడు కాకినాడలో బీటెక్ రెండో సంవత్సరం. చూసి పెట్టుకున్న ఫోన్ రూ.22,000. నాన్నది చిన్న జిరాక్స్ షాపు. ఆయన నన్ను పక్కకి పిలిచి ఒకటే అడిగారు: "ఆ నూట ఇరవై ఏంటో నాకు తెలీదు గానీ, అంత డబ్బు పెడితే వాడికి నిజంగా పనికొస్తుందంటావా?"

నేను చేసేది ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఉద్యోగమే. అయినా వెంటనే అవునని గానీ, కాదని గానీ చెప్పలేకపోయా. కారణం ఉంది. రెండేళ్ల కింద ఇదే 120 హెర్ట్జ్ కోసం నాలుగు వేలు ఎక్కువ పెట్టి నేనూ ఫోన్ కొన్నా. తర్వాత ఏం జరిగిందో కింద చెప్తా. ముందు అసలు విషయం చూద్దాం.

రిఫ్రెష్ రేట్ అంటే ఏంటి?

మీ ఫోన్ స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు కొత్త ఫ్రేమ్ చూపించగలదో, అదే రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ అంటే 60 సార్లు, 120 హెర్ట్జ్ అంటే 120 సార్లు. ఈ నంబర్లని అలాగే చూస్తే మోసపోతాం. ఒక్కో ఫ్రేమ్ స్క్రీన్ మీద ఎంతసేపు ఉంటుందో చూస్తే అసలు లెక్క తెలుస్తుంది.

60 హెర్ట్జ్: 16.7 మిల్లీసెకన్లు
90 హెర్ట్జ్: 11.1 మిల్లీసెకన్లు
120 హెర్ట్జ్: 8.3 మిల్లీసెకన్లు
144 హెర్ట్జ్: 6.9 మిల్లీసెకన్లు

60 నుంచి 90కి వెళ్తే ఒక్కో ఫ్రేమ్‌కి 5.6 మిల్లీసెకన్లు తగ్గింది. 90 నుంచి 120కి వెళ్తే తగ్గింది 2.8 మాత్రమే. 120 నుంచి 144కి అయితే 1.4. అంటే పెద్ద తేడా మొదటి మెట్టులోనే వచ్చేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ బాక్స్ మీద నంబర్ పెరుగుతుంది గానీ, కంటికి తెలిసే తేడా సగం సగం తగ్గిపోతూ ఉంటుంది.

మరి ఆ తేడా కంటికి ఎలా తెలుస్తుంది? మీరు స్క్రోల్ చేస్తుంటే మీ కన్ను ఆ అక్షరాల వెంటే కదులుతుంది. స్క్రీన్ మాత్రం ఒక ఫ్రేమ్‌ని చూపించి, తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది. కన్ను కదులుతోంది, బొమ్మ ఆగి ఉంది. అందుకే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. పేజీ సెకనుకి 1200 పిక్సెళ్లు కదులుతోంది అనుకోండి. 60 హెర్ట్జ్ దగ్గర ఆ మసక సుమారు 20 పిక్సెళ్లు, 120 దగ్గర 10. అందుకే 120లో స్క్రోల్ చేస్తూ కూడా హెడ్డింగ్ చదవగలం. ఇది మాయ కాదు, మార్కెటింగ్ కూడా కాదు. తేడా నిజంగానే ఉంది.

ఇది ఇప్పుడు ఖరీదైన ఫీచరేనా?

ఒకప్పుడు అవును. 2017లో రేజర్ ఫోన్ 120 హెర్ట్జ్‌తో వచ్చినప్పుడు అది గేమర్ల కోసం వచ్చిన వింత. 2019లో వన్‌ప్లస్ 7 ప్రో 90 హెర్ట్జ్ తెచ్చాక మన దగ్గర అందరికీ ఈ మాట అలవాటైంది. 2020 ఫిబ్రవరిలో పోకో ఎక్స్2 రూ.15,999కే 120 హెర్ట్జ్ ఇచ్చింది. ఇప్పుడు పది, పన్నెండు వేల ఫోన్లలో కూడా 90 లేదా 120 మామూలైపోయింది.

ఐఫోన్ వాళ్ల కథ వేరు. 2021లో 13 ప్రోతో 120 వచ్చింది గానీ, ప్రో కాని మోడళ్లు 2024లో వచ్చిన ఐఫోన్ 16 దాకా 60లోనే ఉండిపోయాయి. 2025లో ఐఫోన్ 17తో మామూలు మోడల్‌కీ 120 వచ్చింది.

దీన్నుంచి తెలిసేది ఏంటంటే, మీరు ఎప్పుడు ఫోన్ మార్చినా 120 దానంతట అదే వస్తుంది. ఇంకో ఏడాది ఆగినంత మాత్రాన అది మీకు దక్కకుండా పోదు. కాబట్టి "120 ఉందా?" అనేది కొనేటప్పుడు చూసుకునే విషయం. "ఇప్పుడే కొనాలా?" అనే ప్రశ్నకి సమాధానం అందులో లేదు.

స్క్రీన్ రెడీ, మరి ప్రాసెసర్?

చాలా రివ్యూల్లో ఈ సంగతి ఒక లైనులో దాటేస్తారు. స్క్రీన్ 120 సార్లు మారగలదు, నిజమే. కానీ ప్రతిసారీ కొత్త ఫ్రేమ్ తయారు చేసి ఇవ్వాల్సింది ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, యాప్ కలిసి. 60 దగ్గర ఒక ఫ్రేమ్ గీయడానికి మా యాప్‌కి 16.7 మిల్లీసెకన్ల టైమ్ ఉంటుంది. 120 దగ్గర అదే పని 8.3లో ముగించాలి. ముగించలేకపోతే పాత ఫ్రేమే ఇంకోసారి కనిపిస్తుంది. మనం "ఫోన్ స్టక్ అవుతోంది" అనేది దాన్నే.

అందుకే బలహీనమైన ప్రాసెసర్, తక్కువ ర్యామ్ ఉన్న చవక ఫోన్‌లో 120 హెర్ట్జ్ ప్యానెల్ పెట్టినంత మాత్రాన అది స్మూత్‌గా అనిపించదు. కాసేపు బాగా వెళ్లి, మధ్యలో తడబడుతుంది. అలా తడబడే 120 కంటే నిలకడగా నడిచే 60 కంటికి హాయిగా ఉంటుంది.

చవక ఎల్‌సీడీ ప్యానెళ్లతో ఇంకో తిప్పలు. పిక్సెల్ ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారడానికే 8.3 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ టైమ్ తీసుకుంటే, కదిలే అక్షరాల వెనక తోకలా నీడ కనిపిస్తుంది. అమోలెడ్‌లో ఈ మార్పు చాలా వేగంగా జరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. యాడ్‌లో "240 హెర్ట్జ్", "360 హెర్ట్జ్" అని కనిపిస్తే పక్కన ఏం రాసి ఉందో చదవండి. చాలాసార్లు అది టచ్ శాంప్లింగ్ రేట్. అంటే మీ వేలు ఎక్కడ ఉందో స్క్రీన్ సెకనుకి ఎన్నిసార్లు చూసుకుంటుందన్న లెక్క. రిఫ్రెష్ రేట్‌కీ దానికీ సంబంధం లేదు.

తేడా ఎక్కడ తెలుస్తుంది, ఎక్కడ తెలీదు?

బాగా తెలిసేవి: న్యూస్ చదవడం, వాట్సాప్‌లో పాత మెసేజ్‌ల కోసం వెనక్కి వెళ్లడం, షాపింగ్ యాప్‌లు, హోమ్ స్క్రీన్ యానిమేషన్లు. వేలితో జరిపే ప్రతిదీ అన్నమాట.

తెలీనివి: సినిమాలు, వెబ్ సిరీస్‌లు. సినిమా సాధారణంగా సెకనుకి 24 ఫ్రేములతోనే తీస్తారు. యూట్యూబ్‌లో ఎక్కువలో ఎక్కువ 60. రీల్స్ చాలావరకు 30. రీల్ నుంచి రీల్‌కి జరిపేటప్పుడు స్మూత్‌గా ఉంటుంది గానీ, లోపల వీడియో మాత్రం అదే 30. ఒక చిన్న లాభం మాత్రం ఉంది. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది. కాబట్టి సినిమాలో ప్రతి ఫ్రేమూ సమానంగా కనిపిస్తుంది. 60లో అలా కుదరదు, ఒక ఫ్రేమ్ మూడుసార్లు, ఇంకోటి రెండుసార్లు చూపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో తప్ప ఇది ఎవరూ పట్టించుకోరు.

గేమ్స్ సంగతి మధ్యలో ఉంది. స్క్రీన్ 120 అయినంత మాత్రాన గేమ్ 120లో నడవదు. మీ మోడల్‌కి ఆ గేమ్‌లో 90 లేదా 120 ఆప్షన్ ఇచ్చారో లేదో ముందు చూసుకోవాలి. ఇచ్చినా, ఫోన్ వేడెక్కాక ప్రాసెసర్ స్పీడ్ తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

బ్యాటరీ సంగతి

ఎక్కువ ఫ్రేములు గీస్తే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. 2020లో గెలాక్సీ ఎస్20 వచ్చినప్పుడు, పూర్తి రిజల్యూషన్ పెడితే 60 హెర్ట్జే. 120 కావాలంటే రిజల్యూషన్ తగ్గించుకోవాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన ఎల్‌టీపీఓ ప్యానెళ్లు, స్క్రీన్ మీద ఏదీ కదలనప్పుడు 1 హెర్ట్జ్ దాకా దిగిపోగలవు. దాంతో ఖర్చు చాలా తగ్గింది. కానీ ఎల్‌టీపీఓ ఎక్కువగా ఖరీదైన ఫోన్లలోనే ఉంటుంది. మామూలు ఫోన్లు 60, 90, 120 లాంటి కొన్ని మెట్ల మధ్యే మారతాయి.

నా ఫోన్ కథ

ఇక్కడే నా సంగతి చెప్పాలి. కొన్న కొత్తలో 120 చూసి తెగ మురిసిపోయా. ఆఫీసులో కనిపించినవాళ్లందరికీ స్క్రోల్ చేసి చూపించా. ఐదారు నెలల తర్వాత ఒకసారి రైల్లో ఇంటికి వస్తూ, చార్జింగ్ తక్కువగా ఉందని బ్యాటరీ సేవర్ ఆన్ చేశా. నా ఫోన్‌లో బ్యాటరీ సేవర్ పెడితే స్క్రీన్ 60కి దిగిపోతుంది. తర్వాత దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోయా. మొదటి రోజు ఏదో కొంచెం బరువుగా అనిపించింది, అప్‌డేట్ వల్లేమో అనుకున్నా. తర్వాత అదీ లేదు. మూడు వారాల తర్వాత సెట్టింగ్స్‌లో ఇంకేదో వెతుకుతుంటే కనబడింది. నాలుగు వేలు ఎక్కువ పెట్టి కొన్న ఫీచర్ మూడు వారాలు లేకపోతే, రోజూ స్క్రీన్లతోనే పని చేసే నాకే తెలియలేదు!

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా క్షణంలో తెలుస్తుంది. విడిగా వాడితే కన్ను రెండు రోజుల్లో అలవాటు పడిపోతుంది. షాపులో మనల్ని పడగొట్టేది ఈ మొదటి సంగతే. ఇంటికొచ్చాక మనం బతికేది రెండో దానితో.

తమ్ముడి ఫోన్‌కి చేసిన పరీక్ష

మర్నాడు వాడి ఫోన్ తీసుకుని కూర్చున్నా. ఇది మీరూ చేయొచ్చు. అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో "ప్రొఫైల్ హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్" అనే చోట బార్స్ ఆప్షన్ ఎంచుకోండి. స్క్రీన్ కింద రంగు గీతలు వస్తాయి. ఒక్కో గీత ఒక్కో ఫ్రేమ్. అడ్డంగా ఉండే ఆకుపచ్చ గీత 16.7 మిల్లీసెకన్ల హద్దు. ఫ్రేమ్ గీతలు దాని కిందే ఉంటే మీ ఫోన్ 60ని సరిగ్గా ఇస్తోందని అర్థం.

వాడి ఫోన్‌లో గీతలు సగం హద్దు దాటి పైకి లేస్తున్నాయి. అంటే వాడు ఇన్నాళ్లూ తిట్టుకుంటున్నది 60 హెర్ట్జ్‌ని కాదు, 60 కూడా అందని ఫోన్‌ని. 64 జీబీ స్టోరేజ్‌లో 2 జీబీ కూడా ఖాళీ లేదు. వాట్సాప్ ఒక్కటే 14 జీబీ తినేసింది. బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ. మూడున్నరేళ్ల ఫోన్ కదా.

ఫోటోలు నా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, వాట్సాప్ వీడియోలు తీసేసి, సర్వీస్ సెంటర్‌లో రూ.1,800 పెట్టి బ్యాటరీ మార్పించాం. మళ్లీ చూస్తే గీతలు చాలావరకు హద్దు కిందకి వచ్చాయి. కొత్త ఫోన్ అయిపోలేదు గానీ, సాయంత్రం దాకా తడబడకుండా నడుస్తోంది.

మరి ఎవరు మార్చాలి?

మీ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి, స్టోరేజ్ చాలక, రోజువారీ యాప్‌లే నడవకపోతే మార్చండి. 120 ఎలాగూ వస్తుంది. కొనేటప్పుడు ముందు ప్రాసెసర్, ర్యామ్, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా, ఇవి చూడండి. రిఫ్రెష్ రేట్ ఆ తర్వాతే.

90 ఉంటే 120 కోసం, 120 ఉంటే 144 కోసం మార్చొద్దు. ఆ 1.4 మిల్లీసెకన్లకి ఈఎంఐ కట్టడం దండగ.

60 ఉంది, ఫోన్ బాగానే నడుస్తోంది అంటే ఆగండి. మీరు పోటీల స్థాయిలో గేమ్స్ ఆడేవాళ్లయితే మాత్రం లెక్క వేరు.

ఇప్పటికే 120 ఫోన్ ఉన్నవాళ్లు ఒకసారి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూసుకోండి. నాలాగా డబ్బు 120కి కట్టి, 60లో వాడుతున్నారేమో!

నాన్నకి ఇదే రెండు ముక్కల్లో చెప్పా: "పనికొస్తుంది నాన్నా, కానీ రూ.22,000 అంత కాదు. ఇప్పుడైతే అసలే కాదు." మిగిలిన డబ్బులోంచి కొంత పెట్టి తమ్ముడి ల్యాప్‌టాప్‌కి ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాం. వాడి కోడింగ్ ల్యాబ్‌కి అవసరమైంది అదే. వాడూ ఒప్పుకున్నాడు. అయినా నేను హైదరాబాద్ బస్సెక్కే ముందు నా ఫోన్ అందుకుని, రెండు నిమిషాలు ఊరికే పైకీ కిందకీ స్క్రోల్ చేసి, "బావుంటుంది కదా అన్నయ్యా" అన్నాడు. బావుంటుంది. నేనెప్పుడూ కాదనలేదు.