చెత్త లెక్కల చాటున మంచి పిచర్

2019 సీజన్ ముగిసేసరికి మిల్వాకీ బ్రూవర్స్ జట్టు కుర్ర పిచర్ (బంతి విసిరేవాడు) కార్బిన్ బర్న్స్ పేరు పక్కన 8.82 అనే అంకె మిగిలింది. బేస్‌బాల్‌లో దాన్ని ఈఆర్‌ఏ అంటారు. ఫీల్డర్ల పొరపాట్లు మినహాయించి, పిచర్ సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కు, ఇచ్చిన పరుగుల లెక్క అది. నాలుగులోపు ఉంటే మంచి పిచర్ కిందే లెక్క. తొమ్మిదికి చేరువైతే కింది లీగ్‌కి సాగనంపుతారు. బర్న్స్‌నూ పంపారు.

రెండేళ్లు తిరిగేసరికి అతనే నేషనల్ లీగ్ ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు అందుకున్నాడు.

ఎవరి కంటా పడకుండా ఉండి ఇలా పైకి లేచేవాళ్లనే, నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి ఆడే ఫ్యాంటసీ బేస్‌బాల్‌లో 'స్లీపర్లు' అంటారు. 1980లో రచయిత డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రోటిసరీ లీగ్‌తో ఈ ఆటకు ఊపొచ్చింది. క్రికెట్ ఫ్యాంటసీ యాప్‌లలో ఒకే ఆటగాణ్ని లక్షలమంది ఎంచుకోవచ్చు. ఇక్కడ కుదరదు. డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకోవాలి. ఒకరు తీసుకున్నవాడు ఆ లీగ్‌లో ఇంకొకరికి దక్కడు. పేరున్నవాళ్లంతా ముందే అయిపోతారు. ఇరవయ్యో రౌండ్‌కి మిగిలేది వయసు మీదపడ్డవాళ్లు, గాయాలపాలైనవాళ్లు, ఇంకా ఏమీ నిరూపించుకోని కుర్రాళ్లు.

ఆ కుర్రాళ్లలో సరుకున్నవాణ్ని పట్టుకోవడమెలా? దీనికి 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే విశ్లేషకుడు దారి చూపాడు. బ్యాటుకు తగిలి మైదానంలో పడ్డ బంతి హిట్ అవుతుందా, ఫీల్డర్‌కి చిక్కుతుందా అన్నది పిచర్ చేతిలో పెద్దగా ఉండదని ఆయన వాదన. అది అప్పట్లో పెద్ద దుమారమే రేపింది. ఆయన ప్రకారం పిచర్ ఖాతాలో నేరుగా వేయదగ్గవి మూడే: మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేసే స్ట్రైకౌట్లు, బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపే వాక్‌లు, సిక్సర్లలాంటి హోమ్ రన్‌లు.

ఆ కళ్లతో బర్న్స్ 2019 లెక్కలు చూస్తే కథ మారిపోతుంది. 49 ఇన్నింగ్స్‌లో 70 స్ట్రైకౌట్లు, 20 వాక్‌లు. మేటి పిచర్లకు తీసిపోని లెక్క ఇది. మైదానంలో పడ్డ బంతులు మామూలుగా నూటికి 30 హిట్లవుతాయి. అతని విషయంలో 40 దాటాయి. అందులో దురదృష్టం పాలు చాలా ఉంది. 17 హోమ్ రన్‌ల సంగతి మాత్రం వేరు. అతని ఫోర్‌సీమ్ ఫాస్ట్‌బాల్‌ను, అంటే తిన్నగా దూసుకెళ్లే వేగవంతమైన బంతిని, బ్యాటర్లు చితక్కొట్టారు.

2020లో బర్న్స్ ఆ బంతిని దాదాపు పక్కన పెట్టేశాడు. బదులుగా కిందికి దిగే సింకర్‌నూ, చివరి క్షణంలో పక్కకు జారే కట్టర్‌నూ నమ్ముకున్నాడు. కోవిడ్ వల్ల కుదించిన ఆ సీజన్‌లో ఈఆర్‌ఏ 2.11కి దిగింది. 2021లో మొదటి వాక్ ఇచ్చేలోపే 58 మందిని స్ట్రైకౌట్ చేసి రికార్డు సృష్టించాడు.

అందుకే సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో కుర్ర పిచర్ ఇచ్చిన పరుగుల్ని అనుభవజ్ఞులు పెద్దగా పట్టించుకోరు. బంతి వేగం పెరిగిందా, కొత్త బంతి ఏదైనా నేర్చాడా అని చూస్తారు.

ఎన్ని ఇన్నింగ్స్ వేయనిస్తారన్నదీ ముఖ్యమే. మోచేతి శస్త్రచికిత్స నుంచి కోలుకున్న స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను 2012లో వాషింగ్టన్ నేషనల్స్ 160 ఇన్నింగ్స్ కూడా నిండకముందే, సెప్టెంబరులో ఆపేసింది. ఫ్యాంటసీ లీగుల్లో విజేత ఎవరో తేలేది సరిగ్గా ఆ వారాల్లోనే.

పైగా 49 ఇన్నింగ్స్ చాలా చిన్న లెక్క. అలాంటి అంకెలున్నా ఎదగనివాళ్లు ఎందరో. కాకపోతే చివరి రౌండ్లలో పోయేది తక్కువ. తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరు ముగ్గురు కుర్ర పిచర్లను తీసుకుని, మే నాటికి స్ట్రైకౌట్లు రానివాళ్లను తప్పించి, ఎవరూ ఎంచుకోనివాళ్ల జాబితాలోంచి కొత్తవాళ్లను తెచ్చుకుంటారు.