తాగిన నీరు కక్కించాకే మరమ్మతు

నెల్లూరు తీరం చాలామటుకు బారుగా పరుచుకున్న ఇసుక. మైపాడు లాంటి చోట పడవ విరిగే అలల్ని చీల్చుకుని పోవాలి, ఆ అలల మీదే తిరిగొచ్చి ఇసుకలో పడాలి. అడుగు అరిగేది ఎక్కువగా ఈ ఒడ్డునే.

దీనికి పాతకాలపు జవాబు తెప్ప. తేలికపాటి కొయ్య దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించేవారు. మెత్తటి కొయ్య నీళ్లు తాగి బరువెక్కుతుంది కాబట్టి, వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఎండలో ఆరేసేవారు. మరో జవాబు మసూలా అనే పడవ. దాని పలకల్ని మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టేవారు. అల గుద్దినప్పుడు కుట్లు కాస్త సాగి దెబ్బను ఓర్చుకునేవి. తాడు పుచ్చితే మళ్లీ కుట్టుకోవడమే.

తర్వాత వచ్చిన జవాబు ఫైబర్ బోటు. 1942లో అమెరికాలోని ఒహాయోలో రే గ్రీన్ గాజునారనూ పాలియెస్టర్ రెసిన్‌నూ కలిపి అలాంటి చిన్న పడవ చేశాడు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత మత్స్య కార్యక్రమం ఇసుక ఒడ్డుకు తగిన బోట్ల మీద పనిచేసింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత కోల్పోయిన తెప్పల స్థానంలో ఫైబర్ బోట్లు పెద్దఎత్తున వచ్చాయి.

ఫైబర్ పుచ్చదు, నిజమే. కానీ అదీ నీళ్లు తాగుతుంది, కాకపోతే నెమ్మదిగా. పైపూత జెల్‌కోట్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు సుద్దలా పొడి రాలుతుంది. ఇసుక రాపిడికి అడుగున గాజునార బయటపడితే, ఆ పోగుల వెంట నీరు లోపలికి పాకుతుంది. రెసిన్‌లో మిగిలిన పదార్థాలు ఆ నీటిలో కరుగుతాయి. ఆ ద్రావణం ద్రవాభిసరణంతో మరింత నీటిని లాగుతుంది, పూత బొబ్బలెక్కుతుంది. డెక్కు కింద ప్లైవుడ్ ఉంటే, వదులైన బోల్టు కన్నాల గుండా తడి దిగి అది కుళ్లుతుంది. చిన్న సుత్తితో తడుతూ పోతే మంచిచోట గట్టిగా, చెడినచోట బోలుగా మోగుతుంది.

మరమ్మతుకు మొదట బొబ్బల్ని విప్పి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, బాగా ఆరబెట్టాలి. తడి మీద గాజునార మ్యాట్ పరిస్తే లోపలి నీటికి మూత వేసినట్టే. గట్టిపడిన పాత రెసిన్ కొత్తదానితో రసాయనికంగా పెద్దగా కలవదు, గరుకు మీద దొరికే పట్టే దిక్కు. అందుకే అంచును గ్రైండర్‌తో ఏటవాలుగా, మందానికి సుమారు 12 రెట్ల వెడల్పున చెక్కుతారు. 6 మిల్లీమీటర్ల గోడకు 72 మిల్లీమీటర్ల వాలు. గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్కు తప్పనిసరి.

రెసిన్‌ను గట్టిపరిచే హార్డనర్ మామూలుగా రెసిన్‌లో 1 నుంచి 2 శాతం. ఎండ మండేటప్పుడు రెసిన్ గిన్నెలోనే గడ్డకడుతుంది, కాబట్టి నీడన, కొద్దికొద్దిగా కలపాలి. గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్‌ను ముందే రెసిన్‌లో కలిపేయాలి. అది హార్డనర్‌తో నేరుగా కలిస్తే పేలే ప్రమాదం ఉంది.

ఈ తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఎండలూ తీరికా కలిసొచ్చే ఆ రోజుల్లో ముందు బోటును బోర్లించి ఆరనిచ్చి, తర్వాతే రెసిన్ డబ్బా మూత తీయాలి.