కొత్త మొహానికి పూచీ ఎవరు?

మొన్న హాస్టల్లో 'డానీ బ్రాస్కో' సినిమా చూశాం. అయిపోయాక గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ అడిగాడు: "ఒరేయ్, మీ అనంతపురం ఫ్యాక్షన్‌లోకి కూడా ఒక పోలీసు ఇట్లా వేషం మార్చుకుని దూరొచ్చు కదా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు.

ముందు అసలు కథ చూద్దాం. జో పిస్టోన్ అనే ఎఫ్‌బీఐ ఏజెంట్ 1976లో నగల దొంగ వేషంలో న్యూయార్క్ మాఫియాలోకి దిగాడు. వజ్రాల గురించి ముందే నేర్చుకున్నాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా నెలల తరబడి బార్లలో కనబడుతూ ఉన్నాడు, అంతే. అలా బొనానో కుటుంబానికి దగ్గరై 1981 దాకా లోపలే ఉన్నాడు.

ఆ ముఠాల్లో ఒక పద్ధతుంది. ఎవరినైనా "నా ఫ్రెండ్" అని పరిచయం చేస్తే అతను బయటివాడు. "మన ఫ్రెండ్" అంటే ప్రమాణం చేసిన సభ్యుడు. పరిచయం చేసినవాడిదే పూచీ. పిస్టోన్ సేకరించిన సాక్ష్యాలతో 100 మందికి పైగా శిక్షలు పడ్డాయి. ఆయన్ని నమ్మి చేరదీసిన సోనీ బ్లాక్‌ను మాత్రం సొంతవాళ్లే చంపేశారు.

ఇప్పుడు మన జిల్లాకొద్దాం. న్యూయార్క్‌లో కొత్త మొహం రోజూ కనబడేదే. మా పల్లెల్లో వానల్లేక బెంగళూరుకు వలసపోయేవాళ్లే గానీ కొత్తగా వచ్చేవాళ్లు ఎవరు? మా అవ్వ వాళ్ల ఊళ్లో నేను బస్సు దిగినా రచ్చకట్ట దగ్గర మొదటి ప్రశ్న ఇదే: "యా ఊరప్పా? ఎవురి మనమడివి?" ఫ్యాక్షన్‌లో పూచీ అంటే ఆ జవాబే. ఊరు, బంధుత్వం, తాతల నాటి పగ, వీటికి దొంగ సర్టిఫికెట్ పుట్టించడం కష్టం.

అందుకే ఇక్కడ సమాచారమైనా, ప్రాణగండమైనా లోపలివాడి నుంచే. మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాద్‌లో కారులో వెళ్తూ తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. కాల్చింది నమ్మిన అనుచరుడు భానుకిరణేనని 2018లో కోర్టు తేల్చి యావజ్జీవ శిక్ష వేసింది.

మరి లోపలి నుంచి నిజం చెప్పాలనుకునే మామూలు మనిషి సంగతేంటి? పాత సాక్ష్య చట్టం 125వ సెక్షన్ ప్రకారం, నేరం గురించిన సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసును బలవంతపెట్టకూడదు. కోర్టులో సాక్ష్యం చెప్పేవాళ్ల కోసం 2018 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ప్రమాదం తీవ్రంగా ఉంటే కొత్త పేరు, కొత్త చోటు కూడా ఇవ్వొచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ రెండెకరాల చేను, ముసలి అవ్వ, ఊళ్లోనే ఇచ్చిన చెల్లెలు, వీళ్లందర్నీ కొత్త పేరులోకి ఎట్లా మారుస్తాం?

మా రూమ్మేట్‌కి ఇదే చెప్పాను. సినిమా చివర్లో ఏజెంట్‌కు ఒక మెడల్, ఒక చెక్కు ఇచ్చి పంపిస్తారు. మా ఊళ్లో నిజం చెప్పినవాడు మర్నాడు పొద్దున అదే రచ్చకట్ట ముందు నుంచి బిందె పట్టుకుని నీళ్లకు పోవాలి.