పిట్టలను చూసొద్దాం రండి

ఇంటి పని, పొలం పని, గొడ్ల పని. ఆడవాళ్ళకు పని తీరేదెప్పుడు? ఊరు దాటితే పెళ్ళికో, చావుకో, ఆసుపత్రికో. ఊరికే నాలుగు చోట్లు చూసి రావడం మన లెక్కలో ఉండదు. అదంతా డబ్బున్నవాళ్ళకే అనుకుంటాం.

కానీ తక్కువ ఖర్చుతో చూడదగిన వింతలు మన సముద్రం ఒడ్డునే ఉన్నాయి. నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట పోయే దారిలో ఏమేం కనిపిస్తాయో తెలుసుకుందాం.

ఖర్చు ఎట్లా?

పది మంది కలిస్తే బరువు తగ్గుతుంది. ఒక్కొక్కరు వారానికి 10 రూపాయలు దాచారనుకోండి. వారానికి 100 రూపాయలవుతుంది. 20 వారాలకు 2,000 రూపాయలు. శ్రావణంలో మొదలుపెడితే సంక్రాంతికి చేతికి వస్తుంది. ఆటోకు, టీకి, చిన్న చిన్న టికెట్లకు అది ఆసరా. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకుని పోవచ్చు.

మరి బస్సు? ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. దీని కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళు డబ్బు కట్టనక్కరలేదు. ఆధార్, ఓటరు, రేషన్ కార్డుల్లో ఏదో ఒకటి చూపాలి. వేరే రాష్ట్రానికి పోయే బస్సులకు ఇది వర్తించదు. సూళ్ళూరుపేట చెన్నై దారిలోనే ఉంది. అందుకే బస్సు బోర్డు చదివి ఎక్కాలి. చదువు వచ్చినందుకు ఇదొక లాభం. దొరవారిసత్రంలో ఆగుతుందా అని కండక్టరును అడగాలి.

నేలపట్టు

దొరవారిసత్రం దగ్గర దిగితే నేలపట్టు దగ్గరే. అక్కడి చెరువుల్లో కడప చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. గూడబాతు పెద్ద పిట్ట. దాని ముక్కు కింద సంచి వేలాడుతుంది. ఆ సంచితోనే చేపలు పడుతుంది. పిల్లలకు తిండి తెస్తుంది. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇక్కడ కాపురం పెడతాయి.

నీళ్ళలోని చెట్లనే ఎందుకు ఎంచుకున్నాయి? చుట్టూ నీళ్ళుంటే పిల్లి, నక్క గూటి దాకా రాలేవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు చెరువులు నిండుతాయి. అప్పుడే పిట్టలు వస్తాయి. మార్చి దాకా ఉంటాయి. వాన పడకపోతే చెరువు నిండదు. చెరువు నిండకపోతే గూళ్ళకు కాపలా ఉండదు.

ఊరివాళ్ళు ఈ పిట్టలను కొట్టరు. వాటి రెట్ట చెరువు నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు పొలాలకు పారితే ఎరువు వేసినట్టే. పిట్టలొస్తే పంట బాగుంటుందని ఊళ్ళో పెద్దల నమ్మకం. ఆ నమ్మకం వెనక ఇంత కారణం ఉంది. 1976లో ప్రభుత్వం ఈ చోటును పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించింది.

పులికాట్ సరస్సు

అక్కడి నుంచి సూళ్ళూరుపేట పోవాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా సాగుతుంది. రెండు పక్కలా నీళ్ళే. ఇదే పులికాట్. మన దేశంలో ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు కలిసే సరస్సుల్లో చిలికా తరువాత ఇదే పెద్దది. శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసే కేంద్రం ఉంది. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. పిట్టలను చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. పొద్దున గానీ, సాయంత్రం గానీ పోతే మంచిది.

ఇక్కడికి ఫ్లెమింగోలు వస్తాయి. మనవాళ్ళు రాజహంసలంటారు. పుల్లల్లాంటి పొడుగు కాళ్ళు, పొడుగు మెడ. తల కిందికి వంచి, ముక్కు తిరగేసి, బురదనీళ్ళను జల్లెడ పట్టినట్టు వడపోసి తింటాయి. రెక్కల్లో గులాబీ రంగు ఉంటుంది. ఆ రంగు పుట్టుకతో రాదు. నీళ్ళలోని నాచు, చిన్న రొయ్యల వంటివి తింటే వస్తుంది. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

ఈ సరస్సు పిట్టలకే కాదు, మనుషులకూ అన్నం పెడుతుంది. ఒడ్డు పల్లెల్లో మగవాళ్ళు చేపలు, రొయ్యలు పడతారు. ఆడవాళ్ళు గంపలకెత్తి అమ్ముతారు. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే చేప, రొయ్య తగ్గుతాయి. అప్పుడు పిట్టకూ తిండి లేదు, గంపకూ బేరం లేదు. పూడిక తీయండని జాలరులు అడిగేది అందుకే.

సముద్రపు తాబేలు

మరో రోజు వీలైతే నెల్లూరు దగ్గరి మైపాడు పోవచ్చు. అక్కడ సముద్రం చూడవచ్చు. మన సముద్రం ఒడ్డుకు జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వీటిని ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అంటారు. తల్లి రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గుంట తవ్వి, దాదాపు నూరు గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి సముద్రంలోకి పోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వెలుతురు కనిపించే సముద్రం వైపు పాకుతాయి. ఒడ్డున దీపాలుంటే అటు తిరిగి దారి తప్పుతాయి.

తాబేలు గాలి పీల్చుకోవడానికి నీటి పైకి రావాలి. పెద్ద వలల్లో చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం తాబేలును పట్టినా, గుడ్లు తీసినా నేరం.

మనం గుర్తుంచుకోవలసినవి

పిట్టల దగ్గర అరవకూడదు, రాళ్ళు విసరకూడదు. తల్లి ఎగిరిపోతే గూటిలో పిల్లలు ఎండకు మాడతాయి. ప్లాస్టిక్ కవర్లు నీళ్ళలో వేయకూడదు. తెచ్చిన సంచిలోనే వెనక్కి తీసుకుపోవాలి.

ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకోండి. ఒక పేజీలో ఖర్చు, మరో పేజీలో చూసిన పిట్టల పేర్లు రాయండి. ఊరికి వచ్చాక సంఘంలో రెండూ చదివి వినిపించండి. ఖర్చు ఎంతయిందో, ఏమేం చూశారో తెలిస్తే రానివాళ్ళు కూడా వచ్చే ఏడు బయలుదేరతారు.