ఇంటి కిరాయి, దారి ఖర్చు: మొయినాబాద్–చేవెళ్ల మార్గంలో నివాస ఎంపిక

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక ప్రాంతంలో ఇంటి అద్దె తక్కువగా ఉండటానికి గల కారణాలను వివరించగలుగుతారు. అద్దెను, ప్రయాణ ఖర్చును, ప్రయాణ కాలాన్ని కలిపి లెక్క కట్టగలుగుతారు. ఆ లెక్కను మీ సొంత పరిస్థితికి అన్వయించుకోగలుగుతారు.

పరిచయం

దూరవిద్యలో చేరినవారిలో చాలామంది ఉద్యోగం చేస్తూనో, ఉద్యోగం వెతుక్కుంటూనో చదువుతున్నవారు. తాండూరు, పరిగి, కొడంగల్ వైపు నుంచి వచ్చి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాల్లో కొత్తగా ఉద్యోగం దొరికిన ఒక వ్యక్తిని ఊహించుకోండి. నెల జీతం 24,000 రూపాయలు. ఆఫీసు దగ్గర ఒక్క గదికి చెప్పే కిరాయి వినగానే, ఇంటికి పంపుదామనుకున్న డబ్బు లెక్క తారుమారవుతుంది. అప్పుడు తెలిసినవాళ్లెవరో, “మొయినాబాద్‌లో చూడరాదు? చేవెళ్లలో అయితే ఇంకా తక్కువకొస్తది” అని సలహా ఇస్తారు.

సలహా మంచిదే. కానీ అందులో సగం లెక్కే ఉంది. మిగతా సగం దారిలో ఉంటుంది. ఆ మిగతా సగాన్ని ఎలా లెక్కించాలో ఈ పాఠంలో చూద్దాం.

అద్దె ఎందుకు తక్కువ?

ఈ ప్రశ్నకు అర్థశాస్త్రంలో పాత సమాధానమే ఉంది. జర్మనీకి చెందిన వాన్ థూనెన్ 1826లో ప్రచురించిన గ్రంథంలో, పట్టణ మార్కెట్‌కు దూరమయ్యేకొద్దీ సరుకు రవాణా ఖర్చు పెరుగుతుందని, ఆ మేరకు వ్యవసాయ భూమిపై భాటకం తగ్గుతుందని వివరించాడు. (భాటకం అనే మాట అర్థశాస్త్ర పాఠాల్లో మీరు చదివే ఉంటారు. అది భూమికి చెందిన రాబడి. మనం నెలనెలా ఇంటి యజమానికి ఇచ్చే కిరాయి అంతకంటే వెడల్పైన మాట. అందులో కట్టడం ఖర్చు, మరమ్మతులు కూడా ఉంటాయి.) 1964లో విలియం అలోన్సో ఇదే ఆలోచనను నగరానికి అన్వయించాడు. ఉద్యోగాలు నగర కేంద్రంలో ఉంటే, ప్రతి కుటుంబమూ దగ్గరగా ఉండటానికి ఎంత అద్దె ఇవ్వగలదో అంత వరకు పోటీ పడుతుంది. దూరం వెళ్లినవాడికి అద్దెలో మిగిలేది, రానుపోను ఖర్చుకు, కాలానికి పరిహారం అన్నమాట. దీన్నే బిడ్ రెంట్ సిద్ధాంతం అంటారు.

మొయినాబాద్ విషయంలో ఈ సిద్ధాంతం ఒక్కటే సరిపోదు. మ్యాపులో చూడండి. గచ్చిబౌలి నుంచి మొయినాబాద్ మరీ దూరమేమీ కాదు. నగరం మిగతా దిక్కుల్లో ఇంతే దూరానికి బహుళ అంతస్తులతో విస్తరించింది. ఇక్కడ మాత్రం పొలాలు, తోటలు, ఫామ్‌హౌసులు, మధ్యమధ్య ఇంజనీరింగ్ కళాశాలలు కనిపిస్తాయి. కారణం నీళ్లు.

1908 నాటి మూసీ వరద తరువాత నగర రక్షణకు, తాగునీటికి రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అంటాం) 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి నీరు చేరే ప్రాంతం కలుషితం కాకుండా 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 జారీ చేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు, బహుళ అంతస్తుల భవనాలు రాకుండా ఆంక్షలు పెట్టింది. దాని పరిధిలో 84 గ్రామాలున్నాయి. మొయినాబాద్ మండలం ఆ పరిధికి గుండెకాయ లాంటిది. చేవెళ్ల మండలంలోనూ కొన్ని గ్రామాలు అందులోకి వస్తాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆంక్షల సడలింపును ప్రకటించారు. అయినా పాతికేళ్ల పాటు కట్టని ఇళ్లు ఒక్కసారిగా పుట్టుకురావు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. సరఫరా తక్కువైతే ధర పెరగాలి కదా? నిజమే. కానీ ఆంక్షలు ఇళ్లతో పాటు పరిశ్రమలను, కార్యాలయాలను కూడా ఆపాయి. ఉద్యోగాలు లేనిచోట గిరాకీ కూడా తక్కువే. అందువల్ల ఇక్కడ అద్దె తక్కువ, అద్దెకు దొరికే ఇళ్లూ తక్కువ. ఇది గుర్తు పెట్టుకోండి. నగరంలో లాగా గల్లీ గల్లీకీ టు-లెట్ బోర్డులు వేలాడవు. ఊళ్లో సొంత ఇంటి పైన వేసిన రెండు గదులు, రోడ్డు పక్క దుకాణాల మీద పోర్షన్లు, కళాశాలల చుట్టుపక్కల హాస్టళ్లు, ఎక్కువగా ఇవే ఉంటాయి. కళాశాలలు తెరిచే నెలల్లో వెళితే ఆ కొద్దిపాటి గదులకూ విద్యార్థులతో పోటీ పడాలి. ఎకరం ధర కోట్లలో పలుకుతోందని విని బెదిరిపోనవసరం లేదు. భూమి కొనేవాడు రేపటి ధర చూసి కొంటాడు. గది కిరాయి మాత్రం ఇవాళ అక్కడ ఉండాల్సిన అవసరం ఎంతమందికి ఉందనే దాని మీదే ఆధారపడుతుంది.

చేవెళ్ల సంగతి కొంత వేరు. అది చుట్టుపక్కల పల్లెలకు మండల కేంద్రం, అంగడి ఊరు, బస్సులు ఆగే కూడలి. బ్యాంకులు, ఆసుపత్రులు, కోర్టు, కళాశాలలు ఊళ్లోనే ఉండటంతో రోజువారీ అవసరాలకు నగరం వైపు చూడనక్కర్లేదు. మొయినాబాద్‌లో ఉండేవారు చాలా పనులకు నగరానికే వెళ్లడం అలవాటు. చేవెళ్ల, మొయినాబాద్ రెండూ 2025 జనవరిలో పురపాలక సంఘాలయ్యాయి.

దారి సంగతి

ఈ మార్గం హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు, 163వ నంబరు జాతీయ రహదారి. మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ సుమారు 25 కిలోమీటర్లు, చేవెళ్ల సుమారు 40. మెట్రో రైలు ఈ వైపు రాలేదు. వికారాబాద్ వెళ్లే రైలు మార్గం ఉత్తరాన శంకర్‌పల్లి మీదుగా పోతుంది కాబట్టి చేవెళ్లకు రైలు లేదు. మిగిలింది రోడ్డే. తాండూరు, పరిగి, వికారాబాద్ వైపు వెళ్లే చాలా బస్సులు చేవెళ్ల మీదుగా వెళ్తాయి. ఇది చేవెళ్లకు అనుకూలం. అయితే పొద్దున నగరం వైపు వచ్చే బస్సు చేవెళ్ల చేరేసరికే నిండి ఉంటే, మొయినాబాద్ దగ్గర ఎక్కేవాడికి నిలబడటానికి కూడా చోటుండదు. దగ్గరగా ఉన్నవాడికి సీటు దొరక్కపోవడం ఈ దారిలో చిత్రం.

గచ్చిబౌలి వెళ్లాల్సినవారు అప్పా జంక్షన్ దగ్గర దిగి మరో వాహనం పట్టుకోవాలి. మ్యాపులో అక్కడి నుంచి ఔటర్ రింగు రోడ్డు గీత గచ్చిబౌలి దాకా తిన్నగా కనిపిస్తుంది. బైకు కొనుక్కుంటే నిమిషాల్లో చేరొచ్చనిపిస్తుంది. కానీ ఔటర్ ప్రధాన రహదారి మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. పక్కనున్న సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి. ఫోనులో దారి చూసేటప్పుడు కారు గుర్తు మీద కాకుండా బైకు గుర్తు మీద నొక్కి చూడండి.

రోడ్డు భద్రతను కూడా ఖర్చుల్లో రాసుకోవాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లు నాలుగు వరుసలుగా విస్తరించే పని, దారి పొడవునా ఉన్న పెద్ద మర్రిచెట్ల పరిరక్షణ కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడవడం వంటి కారణాలతో ఏళ్ల తరబడి ఆలస్యమైంది. 2025 నవంబర్ 3 తెల్లవారి చేవెళ్ల మండలం మిర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు ప్రయాణికులు చనిపోయారు. వాళ్లలో చదువుల కోసం నగరానికి తిరిగి వస్తున్న ఆడపిల్లలున్నారు. రోజూ ఈ దారిలో రాత్రిపూట బైకు మీద రావాలా అనే ప్రశ్నకు జవాబు పెట్రోలు లెక్కలో దొరకదు.

ఒక లెక్క

పైన ఊహించుకున్న ఉద్యోగికి మూడు అవకాశాలున్నాయనుకుందాం. ఈ అంకెలు లెక్క పద్ధతి నేర్చుకోవడానికి వేసుకున్నవే. మీరు వెళ్లి కనుక్కున్న అంకెలు వీటి స్థానంలో వేసుకోవాలి. నెలకు పని రోజులు 26.

ఆఫీసు దగ్గర గది అద్దె 9,500. షేర్ ఆటోకు రోజుకు 40 చొప్పున నెలకు 1,040. మొత్తం 10,540 రూపాయలు. ప్రయాణం రోజుకు గంట, నెలకు 26 గంటలు.

మొయినాబాద్‌లో గది అద్దె 5,000. బస్సుకు 70, ఆటోకు 40 కలిపి రోజుకు 110, నెలకు 2,860. మొత్తం 7,860. ప్రయాణం రోజుకు మూడు గంటలు, నెలకు 78.

చేవెళ్లలో గది అద్దె 3,500. బస్సుకు 130, ఆటోకు 40 కలిపి రోజుకు 170, నెలకు 4,420. మొత్తం 7,920. ప్రయాణం రోజుకు నాలుగున్నర గంటలు, నెలకు 117.

అద్దె మాత్రమే చూస్తే చేవెళ్ల అన్నిటికంటే చౌక. దారి ఖర్చు కలిపేసరికి మొయినాబాద్ కంటే 60 రూపాయలు ఎక్కువే అయింది. ఇప్పుడు కాలాన్ని చూడండి. ఆఫీసు దగ్గరి గదిని వదులుకుని మొయినాబాద్‌లో ఉంటే మిగిలేది 2,680 రూపాయలు, అదనంగా పోయేది 52 గంటలు. అంటే గంటను దాదాపు 52 రూపాయలకు అమ్ముకున్నట్టు. చేవెళ్లలో అయితే 2,620 రూపాయలకు 91 గంటలు, గంటకు దాదాపు 29 రూపాయలు. ఇదే మనిషి ఆఫీసులో రోజుకు 8 గంటల చొప్పున పనిచేసి సంపాదించేది గంటకు 115 రూపాయలు. ఆ గంటల్లో మీరు చదువుకోగలిగేది, నిద్రపోగలిగేది, పిల్లలతో గడపగలిగేది అవకాశ వ్యయం.

ఉద్యోగి స్త్రీ అయితే లెక్క మారిపోతుంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ టికెట్ డబ్బు లేదు. అప్పుడు ఆటో ఖర్చు 1,040 మాత్రమే మిగులుతుంది. మొయినాబాద్ మొత్తం 6,040, చేవెళ్ల మొత్తం 4,540. మిగులు గంటకు వరుసగా సుమారు 87, 66 రూపాయలు. ఒక ప్రభుత్వ పథకం వల్ల దూరపు ఊరు కొందరికి దగ్గరైంది, డబ్బు లెక్కలో మాత్రమే. గంటలు మాత్రం స్త్రీలకూ అన్నే. ఇంటికి వెళ్లి వంట కూడా చేయాల్సి వస్తే ఆ గంటల విలువ ఇంకా ఎక్కువ.

బైకు లెక్క కూడా వేయండి. మొయినాబాద్ నుంచి రానుపోను రోజుకు 50 కిలోమీటర్లు, నెలకు 1,300. లీటరుకు 45 కిలోమీటర్లు, లీటరు ధర 107 రూపాయలు అనుకుంటే పెట్రోలుకే దాదాపు 3,090. బైకు వాయిదా, బీమా, టైర్ల అరుగుదల దీనికి అదనం.

షికాగోలోని సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఇలాగే ఇంటి ఖర్చును, ప్రయాణ ఖర్చును కలిపి, రెండూ ఆదాయంలో 45 శాతం మించకపోతే భరించదగినదిగా లెక్కిస్తుంది. అది అమెరికా కుటుంబాలకు వేసిన గీత. 24,000 జీతంలో సగం ఊరికి పంపాల్సిన మనిషికి ఆ గీత ఏమాత్రం పనికిరాదని నా అభిప్రాయం. కానీ రెండు ఖర్చులనూ కలపాలన్న ఆలోచన మాత్రం తీసుకోదగినదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో ఉద్యోగం గచ్చిబౌలిలో కాకుండా మొయినాబాద్ దగ్గరి ఒక కళాశాలలో ల్యాబ్ సహాయకుడిగా వచ్చిందనుకోండి. మూడు వరుసల్లో ఏ అంకెలు మారతాయి? చేవెళ్ల నుంచి అతనికి ఎంత ఖర్చవుతుందని అంచనా వేస్తారు?

ఇల్లు చూసేటప్పుడు

ఆదివారం మధ్యాహ్నం వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్సు ఇచ్చేయడం చాలామంది చేసే పొరపాటు. ఆదివారం రోడ్డు మీద ఆఫీసు రద్దీ ఉండదు. పైగా చిలుకూరు బాలాజీ గుడికి, ఫామ్‌హౌసులకు వెళ్లే కార్లు వేరే రకం రద్దీని చూపిస్తాయి. పనిరోజు పొద్దున మీరు బయల్దేరాల్సిన సమయానికి అదే స్టాపులో నిలబడి బస్సెక్కి చూడండి. రాత్రి చివరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌ను అడగండి. ఇంటి ఓనరు చెప్పే సమయం సాధారణంగా ఆయన చివరిసారి బస్సెక్కిన నాటిది.

రెండు జలాశయాల పక్కనే ఉన్నంత మాత్రాన ఇంట్లో నీళ్లుంటాయని అనుకోకండి. చాలా ఇళ్లకు బోరే ఆధారం. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు డబ్బులు ఎవరు ఇవ్వాలో ముందే తేల్చుకోండి. కరెంటు మీటరు మీ పోర్షనుకు వేరుగా ఉందో, అందరికీ కలిపి ఒకటే ఉందో చూడండి. ఎక్కువ యూనిట్లకు ఎక్కువ రేటు పడే పద్ధతిలో నాలుగు పోర్షన్లకు ఒకే మీటరుంటే అందరికీ బిల్లు పెరుగుతుంది. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు రావాలన్నా ఉమ్మడి మీటరు అడ్డమే.

ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. సంవత్సరానికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి. అందుకే మన దగ్గర 11 నెలల ఒప్పందాలు ఇంతగా వాడుకలో ఉన్నాయి. 11 నెలల తరువాత కిరాయి ఎంత పెంచుతారో, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో రంగులకు ఎంత పట్టుకుంటారో అందులోనే రాయాలి. ఊళ్లో పరిచయం మీద దొరికిన ఇల్లయితే కాగితం అడగడానికి మొహమాటం అనిపిస్తుంది. అలాంటప్పుడు, “ఆఫీసులో అడుగుతున్నరు అన్నా, ఒక కాగితం రాసియ్యరాదు” అంటే సరిపోతుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఎవరి ఆఫీసుకు దగ్గరగా ఉండాలన్నది తేలే ప్రశ్న కాదు. ఇద్దరి వరుసలూ పక్కపక్కన వేసి గంటలు కూడండి. ఒకరు వికారాబాద్‌లో, మరొకరు నగరంలో పనిచేసే ఇంటికి చేవెళ్ల చక్కగా కుదరవచ్చు. అలాంటివారికి అది శివారు కాదు, మధ్య ఊరు.

అభ్యాసం: మీ ప్రస్తుత ఉద్యోగ స్థలం లేదా మీరు కోరుకునే ఉద్యోగ స్థలం ఒకటి తీసుకోండి. దానికి మూడు వేర్వేరు దూరాల్లో ఉన్న ఊళ్లలో గది అద్దెను స్వయంగా కనుక్కుని, ఒక పనిరోజు ప్రయాణం చేసి చూసి, ఖర్చు, గంటలు రాయండి. ఒక గంటకు మీకు మిగిలే డబ్బు ఎంతో లెక్కించండి. అదే లెక్కను మీ ఇంట్లోని మరొకరి కోసం కూడా వేసి, రెండు జవాబులు ఎందుకు వేరుగా వచ్చాయో ఒక పేజీలో వివరించండి.